సీటు దాకా వచ్చినాం, చదువు నిలబెట్టుకోవడం ఎట్లా? తిరుపతి, చిత్తూరు గడ్డ మీద మనోళ్ళ కాలేజీ చదువుల చరిత్ర



పదో తరగతి ఫలితాలు వచ్చినప్పటి నుంచి మన గ్రూపులో రోజూ ఒకటే ప్రశ్న. "అన్నా, ఎంపీసీ తీసుకోవాల్నా, బైపీసీ తీసుకోవాల్నా?" దాని కింద పది జవాబులు. ఒకరు ఇంజనీరింగ్ అంటారు, ఒకరు నర్సింగ్ అంటారు, ఇంకొకరు "ఏదో ఒకటి చేరిపో తమ్ముడూ, ఫీజు గవర్నమెంటే కడుతుంది కదా" అంటారు. రెండు మూడేళ్ళు పోయినాక అదే పిల్లల్లో కొందరి గురించి వేరే మాట వింటాం. "మధ్యలో వదిలేసినాడంట." "సబ్జెక్టులు మిగిలిపోయినాయంట, ఇంటికొచ్చేసిందంట." కాలేజీలో అడిగితే "ఆసక్తి లేదు" అంటారు. ఊళ్ళో అడిగితే "చదువు ఎక్కలేదు" అంటారు. రెండు మాటలూ పిల్లోడి మీదనే పడతాయి.

ఈ పోస్టులో మేం చెప్పాలనుకున్నది ఇదీ. ఒక కోర్సులో చేరిన పిల్లలు చివరిదాకా నిలబడాలంటే రెండు కావాలి: ఆ సబ్జెక్టు మీద ఇష్టం, దానికి కావలసిన పునాది. మన యానాది, ఎరుకల, సుగాలి పిల్లలకు ఈ రెండూ ఎప్పుడు అందినాయి, ఎప్పుడు అందలేదు అనేదానికి ఒక చరిత్ర ఉంది. తేదీలతో సహా చెప్పుకోగల చరిత్ర. అది తెలిస్తే "చదువు ఎక్కలేదు" అనే మాట అంత సులభంగా నోటికి రాదు. పోస్టు పొడుగ్గా ఉంది, ఓపిక చేసుకుని చదవండి.

1. ఒకే కాలం, రెండు దారులు

మదనపల్లెలో బీటీ కాలేజీ 1915లో మొదలైంది. దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు పెట్టిన ఆ కాలేజీ రాయలసీమలోని తొలి కాలేజీల్లో ఒకటి. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో అక్కడికి వచ్చి, జనగణమనను ఇంగ్లీషులోకి చేసింది అక్కడే. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంటే జిల్లా ఏర్పడిన నాలుగేళ్ళకే ఇక్కడొక కాలేజీ వచ్చింది. మన ప్రాంతం చదువుల చరిత్ర రాసేవాళ్ళు ఇక్కడి నుంచే మొదలుపెడతారు.

మన చరిత్ర ఇంకో పక్క నుంచి మొదలవుతుంది. 1871లో ఉత్తరాదిలో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని తెల్లోళ్ళు 1911లో మార్చి మద్రాసు రాష్ట్రం దాకా తెచ్చినారు. ఎరుకలోళ్ళను ఆ జాబితాలో పెట్టినారు. యానాదులను కూడా చాలా చోట్ల వదల్లేదు. వేలిముద్రలు, పోలీసు దగ్గర హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికింద స్టువర్టుపురం సెటిల్మెంటు వచ్చింది. సీతానగరం, కావలి సెటిల్మెంట్లు కూడా ఆ కాలానివే. ఆ సెటిల్మెంట్లలో బడులు ఉండేవి. కానీ ఆ బడి పిల్లోడికి ఏది ఇష్టమో అడగడానికి పెట్టిన బడి కాదు. దారిలో పెట్టాల, పని నేర్పాల, కూలికి పంపాల. అదీ లెక్క.

అంతకు ముందే మనకు ఇంకో బడి అనుభవం ఉంది. 1835లో ప్రభుత్వం శ్రీహరికోట దీవిని తన చేతికింద పెట్టుకుంది. మద్రాసు పట్నానికి వంటచెరకు కావాల్సి వచ్చింది, ఆ అడవి గురించి తెలిసింది యానాదులకే. ఆ తర్వాత అక్కడ యానాది పిల్లల కోసం బడి కూడా తెరిచినారు. బడికి వచ్చిన పిల్లలకు బియ్యం ఇచ్చినారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. అప్పటి దొరలు రాసిపెట్టిన పుస్తకాల్లో యానాదులకు నిలకడ లేదు అన్నట్టుగానే ఉంటుంది. ఆ బడిలో చదివితే ఏమొస్తుంది, ఎక్కడికి పోతారు అన్నది మాత్రం ఎవరూ రాయలేదు. తినడానికి పెట్టి కూర్చోబెడితే చదువు నిలబడదు అనే పాఠం అప్పుడే దొరికింది. దాన్ని ఎవరూ రాసుకోలేదు, అంతే.

ఆ నేరస్థ ముద్ర పోవడానికి కొట్లాడినవాళ్ళలో నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారి పేరు మనం మరిచిపోకూడదు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. ఒక లెక్క వేసి చూడండి. ఆ రోజుకు పదేళ్ళున్న ఎరుకల పిల్లోడు 1960కి పద్దెనిమిదేళ్ళవాడవుతాడు. కాలేజీ వయసు. ఆ 1960లో తిరుపతిలో ఏం జరుగుతోందో ఇప్పుడు చూద్దాం.

2. తిరుపతి తలుపులు తెరుచుకున్న కాలం

టీటీడీ వాళ్ళు ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ పెట్టింది 1945లో. ఆడపిల్లల కోసం పద్మావతి కాలేజీ 1952లో వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడే, 1954 సెప్టెంబరు 2న, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మొదలైంది. 1959లో ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ. 1960లో ఎస్వీ మెడికల్ కాలేజీ. 1983లో మహిళా విశ్వవిద్యాలయం. కొండ కింది యాత్రా పట్నం ముప్పై నలభై ఏళ్ళలో చదువుల పట్నం అయిపోయింది.

చట్టాలు కూడా అదే కాలంలో మనవైపు కదిలినాయి. ఎస్సీలకు 1944-45లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పును 1948-49 నుంచి ఎస్టీలకు కూడా ఇచ్చినారు. 1950లో షెడ్యూల్డ్ తెగల జాబితా వచ్చింది. 1951లో మద్రాసు రాష్ట్రంలో సీట్ల కేటాయింపు జీవోను చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేస్తే, అదే ఏడు రాజ్యాంగానికి మొదటి సవరణ చేసి 15(4) అధికరణం తెచ్చినారు. ఈ రోజు మనం కూర్చుంటున్న ప్రతి రిజర్వేషన్ సీటు కింద ఆ సవరణ ఉంది.

కాబట్టి 1960 నాటికి కాలేజీ ఉంది, సీటు ఉంది, స్కాలర్‌షిప్పు ఉంది. లేనిదేమిటి? కింది మెట్లు లేవు.

జనాభా లెక్కలు చూడండి. ఆంధ్రప్రదేశ్ ఎస్టీలలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు 1961లో నూటికి 4.41 మంది. 1971లో 5.34. 1981లో 7.82. అంటే ఎస్వీ యూనివర్సిటీ పెట్టి ఇరవై ఏడేళ్ళు నిండే నాటికి కూడా మనలో నూటికి తొంభై రెండు మందికి సంతకం చేయడం రాదు. 1991లో 17.16, 2001లో 37.04, 2011లో 49.21. మనలో సగం మంది అక్షరాస్యులు కావడానికి ఇంత కాలం పట్టింది.

మనం ఎంతమందిమి అనేది కూడా తెలుసుకోవాల. 2011 లెక్కల్లో పాత చిత్తూరు జిల్లాలో ఎస్టీలు నూటికి నలుగురు కూడా లేరు, లక్షన్నర పైచిలుకు. పక్కన నెల్లూరు జిల్లాలో దాదాపు నూటికి పది. మన్యం జిల్లాల మాదిరి మనకు ఒకే చోట పెద్ద గూడేలు లేవు. ఊరి చివర పది ఇళ్ళు, చెరువు కట్ట కింద ఐదు గుడిసెలు, పడమటి పక్క ఒక తండా. అందువల్ల ఒక బళ్ళో మన పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఒక కాలేజీలో, ఒక బ్రాంచిలో ఒక్కరే ఉంటారు. ఈ ఒంటరితనం సంగతి మళ్ళీ చెప్పుకుందాం.

3. గ్రూపు ఎవరు ఎంచినారు?

1969-70 నుంచి మన రాష్ట్రంలో పీయూసీ పోయి రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్‌ఈసీ. పదిహేనేళ్ళ పిల్లోడు పదో తరగతి అవ్వగానే ఒక పెట్టెలో టిక్కు పెట్టాల. ఆ టిక్కుతో సగం జీవితం తేలిపోతుంది. బైపీసీ తీసుకున్నవాడికి ఇంజనీరింగ్‌లో చాలా బ్రాంచిలు మూసుకుపోతాయి. హెచ్‌ఈసీ తీసుకున్నవాడు డాక్టరు కాలేడు.

మా కంటే ముందు తరం వాళ్ళని అడిగి చూసినాం. "పెదనాయనా, మీరు హెచ్‌ఈసీ ఎందుకు తీసుకున్నారు?" చరిత్ర అంటే ఇష్టం అని చెప్పినవాళ్ళు తక్కువ. "హాస్టల్ ఉన్న ఊళ్ళో ఆ కాలేజీ ఉండె." "మా బళ్ళో లెక్కల అయ్యవారే లేడు, ఎంపీసీ అంటే భయం." "వార్డెన్ సారు ఇదే రాయమన్నాడు." "మా ఊరోడు ఒకడు అదే చదివినాడు." ఇవీ జవాబులు. ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. పునాది లేకపోవడమే గ్రూపును నిర్ణయించింది.

ఇంకో సంగతి. ఎరుకల ఇంట్లో కుర్రు భాష మాట్లాడతారు, అది తమిళానికి దగ్గరి చుట్టం. తండాలో గోర్ బోలి మాట్లాడతారు, అది అసలు ద్రావిడ భాషే కాదు. ఆ బిడ్డకు బళ్ళో తెలుగు రెండో భాష, కాలేజీలో ఇంగ్లీషు మూడో భాష. మొదటి ఏడు మెడికల్ కాలేజీలో శరీర నిర్మాణ శాస్త్రం, ఇంజనీరింగ్‌లో గణితం, అన్నీ ఆ మూడో భాషలోనే. తెలివి ఉన్నా మాట అందకపోతే ఏం చేస్తాడు? క్లాసులో వెనక బెంచీలో కూర్చుని తల ఊపుతాడు. పరీక్ష వచ్చినప్పుడు సంగతి బయటపడుతుంది.

ఈ పునాది సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 1971లో పి.వి. నరసింహారావు గారి కాలంలో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టినారు. 1972లో మన రాయలసీమకు కొడిగెనహళ్ళి గురుకులం వచ్చింది. పల్లె పిల్లోడికి మంచి అయ్యవార్లు, మూడు పూటలా తిండి, చదువుకునే చోటు ఇస్తే పట్నం పిల్లలతో సమానంగా నిలబడతాడని ఆ బడులు చూపించినాయి. గిరిజన గురుకులాలకు వేరే సొసైటీ వచ్చేసరికి 1999. మధ్యలో దాదాపు ముప్పై ఏళ్ళు. ఆ ముప్పై ఏళ్ళలో పుట్టి పెరిగిన మన పిల్లల్లో చాలామందికి మామూలు హాస్టలే దిక్కు.

4. సీట్లు పెరిగినాయి, అడగడం పెరగలేదు

1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ రిజర్వేషన్ 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగింది. ఇంజనీరింగ్ ఎంట్రన్సులో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కనీస మార్కుల నిబంధన లేదు. రాసినవాడికి ర్యాంకు వస్తుంది. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. తిరుపతి, పుత్తూరు, చిత్తూరు, మదనపల్లె చుట్టూ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు నిండినాయి. మన ఇళ్ళలో మొట్టమొదటి ఇంజనీర్లు ఈ కాలంలోనే వచ్చినారు. దీన్ని మేం తక్కువ చేసి మాట్లాడం. ఫీజు కట్టే దారి లేకపోతే మాలో చాలామందిమి ఈ పోస్టు రాసేవాళ్ళమే కాదు.

అయితే అదే కాలంలో ఇంకోటి కూడా జరిగింది. సీటు ఎట్లాగూ వస్తుంది, ఫీజు ఎట్లాగూ కడతారు, కాబట్టి "నీకు ఏమిష్టం?" అని అడగడమే మానేసినాం. కౌన్సెలింగ్ నాడు ఖాళీగా ఉన్న బ్రాంచిని పక్కనున్నవాళ్ళు చెప్పినట్టు పెట్టేసినాం. మొదటి ఏడు గణితం, ఫిజిక్సు, ఇంజనీరింగ్ డ్రాయింగు. మూడూ పోయినాయి. రెండో ఏడు వాటికి సప్లీ రాస్తూ కొత్త సబ్జెక్టులు చదవాల. క్రెడిట్లు చాలకపోతే డిటెయిన్. డిటెయిన్ అయితే స్కాలర్‌షిప్పు ఆగుతుంది. స్కాలర్‌షిప్పు ఆగితే ఇంటికి. ఈ వరుస మనకందరికీ తెలిసిందే.

"ఇష్టం లేని కోర్సు కదా, మార్చుకోవచ్చు కదా" అంటారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు నిబంధనలు ఎప్పుడైనా చదివినారా? ఒక స్థాయి చదువు పాసైనాక మళ్ళీ అదే స్థాయిలో వేరే సబ్జెక్టు చదివితే స్కాలర్‌షిప్పు లేదు. బీఏ అయినాక బీకాం చదువుతానంటే ఇవ్వరు. చదువుతున్న సబ్జెక్టును గానీ కాలేజీని గానీ ముందుగా అనుమతి లేకుండా మారిస్తే ఇచ్చిన స్కాలర్‌షిప్పు రద్దు చేయొచ్చు. డబ్బున్న ఇంటి పిల్లోడు ఒక ఏడు పోయినా ఇంకో కోర్సులో చేరతాడు. మన పిల్లోడికి ఆ మొదటి టిక్కే ఆఖరి టిక్కు. కాబట్టి ఆ టిక్కు పెట్టే ముందు నాలుగు రోజులు కూర్చుని మాట్లాడుకోవడం మనకే ఎక్కువ అవసరం.

5. బయటి పరిశోధన ఏం చెప్పింది?

2008లో అమెరికాలో జెఫ్ అలెన్, స్టీవెన్ రాబిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక అధ్యయనం అచ్చువేసినారు. 25 కాలేజీలు, 50 వేలకు పైగా విద్యార్థులు. చేరిన మేజర్‌లోనే మూడో ఏడు కూడా ఎవరు ఉన్నారు, ఎవరు మారిపోయినారు అని చూసినారు. పిల్లల ఇష్టానికీ కోర్సుకూ పొత్తు కుదిరితే నిలబడే అవకాశం ఎక్కువ. మొదటి ఏడాది బాగా పోతే కూడా ఎక్కువ. ఈ రెండూ వేర్వేరుగా పనిచేస్తాయి. అంటే మార్కులు బాగా వచ్చినా ఇష్టం కుదరకపోతే జారిపోవచ్చు, ఇష్టం ఉన్నా మొదటి ఏడు దెబ్బతింటే జారిపోవచ్చు. ఇంటర్ దాకా వేసుకున్న పునాది ఆ మొదటి ఏడాది మార్కుల్లోనే బయటపడుతుంది.

ఇది మన హాస్టల్ రూముల్లో తెలియని సంగతేం కాదు. ఇష్టం, మొదటి ఏడు, రెండూ వేర్వేరు అనే మాట మాత్రం పట్టుకోవాల్సిందే. మనోళ్ళు రెండింటినీ కలిపేస్తారు. ఫెయిలైతే "వాడికి ఇష్టం లేదు" అంటారు. ఇష్టంతోనే చేరి, పునాది లేక దెబ్బతిన్న పిల్లలు ఎంతమందో! వాళ్ళకు కావాల్సింది రెండు నెలల ట్యూషను. మనం ఇచ్చేది ఇంటికి బస్సు టికెట్టు.

ఇంకో మాట కూడా చెప్పాల. ఆ అధ్యయనంలో ఇష్టం అనేది పిల్లల దగ్గర అప్పటికే ఉన్నట్టు ప్రశ్నలు వేసి కొలుస్తారు. మన దగ్గర ఆ ఇష్టం ఎక్కడి నుంచి పుడుతుంది? చూసినదాని నుంచి. చూడనిదాన్ని ఎవరూ ఇష్టపడలేరు. మన పిల్లల్ని అడిగితే టీచరు, పోలీసు, నర్సు, ఇంజనీరు అంటారు. ఊళ్ళోకి వచ్చే ఉద్యోగాలు అవే కదా.

శ్రీహరికోట సంగతే తీసుకోండి. 1960ల ఆఖర్లో ఆ దీవిని రాకెట్ల కోసం తీసుకున్నారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. అక్కడున్న యానాది కుటుంబాలు చాలావరకు బయటికి వచ్చేసినాయి. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినాక సూళ్ళూరుపేట, శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. రాకెట్ పోయిన ప్రతిసారీ సూళ్ళూరుపేట చుట్టుపక్కల యానాది పిల్లలు తల ఎత్తి చూస్తారు. ఆ లోపల పని చేయాలంటే పది తర్వాత ఏ గ్రూపు, ఏ డిప్లొమా, ఏ ఐటీఐ ట్రేడు అని వాళ్ళకు ఎవరైనా చెప్పినారా? తాతల దీవి, తలమీద రాకెట్టు, మధ్యలో దారి చెప్పే మనిషి లేడు. ఇష్టం లేక కాదు, ఇష్టానికి పేరు తెలియక.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇష్టం అనగానే కొందరు "యానాదులకు చేపలు, పాములు, మూలికలు తెలుసు కదా, అవే చదివించండి" అంటారు. "ఎరుకలోళ్ళు బుట్టలల్లుతారు, పందులు మేపుతారు, ఆ కోర్సులు పెట్టండి" అంటారు. ఇష్టముండి ఫిషరీస్ చదివితే, వెటర్నరీ చదివితే చాలా మంచిది, తిరుపతిలో వెటర్నరీ కాలేజీ 1955 నుంచి ఉంది. కానీ కులవృత్తిని ఇష్టం అనే పేరుతో తిరిగి మెడకు కట్టడం మనకు వద్దు. సెటిల్మెంటు బడి చేసింది అదే. ఎరుకల బిడ్డకు ఖగోళశాస్త్రం ఇష్టం ఉండొచ్చు, సుగాలి బిడ్డకు సంస్కృతం ఇష్టం ఉండొచ్చు.

6. పునాది ఇస్తే ఏమవుతుంది, ఇవ్వకపోతే ఏమవుతుంది

ఐఐటీల్లో 1973 నుంచి ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. సీట్లు మిగిలిపోతుంటే వాళ్ళొక పద్ధతి తెచ్చినారు: ప్రిపరేటరీ కోర్సు. కటాఫ్‌కు కాస్త కింద ఆగిపోయిన పిల్లలకు ఒక ఏడాది ఫిజిక్సు, కెమిస్ట్రీ, గణితం, ఇంగ్లీషు చెప్పి, అది పాసైతే మళ్ళీ జేఈఈ రాయకుండానే మరుసటి ఏడు మొదటి సంవత్సరంలో చేర్చుకుంటారు. అంటే దేశంలో అందరికంటే కష్టమైన కాలేజీలే ఒప్పుకున్నాయి, పునాది అనేది ఒక ఏడాదిలో వేయగలిగినదే అని. పుట్టుకతో వచ్చేది కాదని.

రెండో వైపు కూడా చూడండి. 2015 వేసవిలో ఐఐటీ రూర్కీ మొదటి ఏడాది గ్రేడ్లు తగ్గినాయని 70 మందికి పైగా విద్యార్థులను ఒకేసారి తీసేసింది. వాళ్ళలో ఎక్కువమంది రిజర్వేషన్ పిల్లలే అని అప్పటి పత్రికలు రాసినాయి. గొడవ అయినాక వాళ్ళకు మళ్ళీ అవకాశం ఇచ్చినారు. అదే 2015లో మన తిరుపతిలో ఐఐటీ, ఐసర్ రెండూ మొదలైనాయి. ఏర్పేడు పక్కన ఇప్పుడు ఆ క్యాంపస్‌లు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల పల్లెల్లో యానాది కాలనీలు ఉన్నాయి. ఆ గోడకు ఇటు పక్క నుంచి అటు పక్కకు పోవాలంటే గేటు దగ్గర రిజర్వేషన్ సాయం చేస్తుంది. ఆరో తరగతి నుంచి లెక్కలు చెప్పే మనిషి మాత్రం మన కాలనీలోనే ఉండాల.

ఆ తర్వాత ఇంకో మార్పు వచ్చింది. 2023-24 నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. పాత బీఎస్సీలో గణితం, ఫిజిక్సు, కెమిస్ట్రీ మూడూ సమానం. ఒకటి కష్టమైనా ఇంకోదాని మీద నిలబడి పీజీకి పోవచ్చు. ఆ కొత్త పద్ధతిలో డిగ్రీ భారం ఎక్కువగా ఒక్క మేజర్ మీదే పడింది. ఎంపిక సరిగ్గా కుదిరితే లోతుగా చదువుకోవచ్చు. కుదరకపోతే నిలబడటం కష్టం. ఇప్పుడు పదిలో, ఇంటర్లో ఉన్న మన పిల్లలు డిగ్రీలో ఏ పద్ధతి నడుస్తోందో ముందే కనుక్కోవాల. అందుకే ఈ పోస్టు ఇప్పుడు పెడుతున్నాం.

7. మనం చేసుకోగలిగినవి

ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి: ప్రతి హాస్టల్లో లెక్కలకు, ఇంగ్లీషుకు ట్యూటర్లు, ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య రెండు నెలల బ్రిడ్జి కోర్సు, మొదటి ఏడు ఒకసారి కోర్సు మార్చుకున్నా స్కాలర్‌షిప్పు ఆగకుండా అనుమతి. వీటి మీద నెల్లూరు ఐటీడీఏకు, గిరిజన సంక్షేమ శాఖకు అర్జీ రాద్దాం. అది జరిగేలోపు మన చేతుల్లో ఉన్నవి ఇవి.

ఒకటి. గ్రూపు ఎంచుకునే ముందు పిల్లల్ని మూడు మాటలు అడగండి. ఏ సబ్జెక్టు పుస్తకం ఎవరూ చెప్పకుండానే తెరుస్తావు? ఏ సబ్జెక్టులో కష్టమైనా మళ్ళీ ప్రయత్నించబుద్ధేస్తుంది? ఆ చదువు చదివినవాళ్ళు రోజంతా ఏం పని చేస్తారో నీకు తెలుసా? మూడోదానికి జవాబు లేకపోతే, ఆ పని చేసే మనోళ్ళ నంబరు ఇచ్చి మాట్లాడించండి.

రెండు. ఇష్టం ఉంది, పునాది లేదు అనిపిస్తే భయపడి గ్రూపు మార్చకండి. ఏం లేదో కాగితం మీద రాసుకోండి. భిన్నాలా, బీజగణితమా, ఇంగ్లీషు చదవడమా? "లెక్కలు రావు" అనేది జబ్బు పేరు కాదు. ఏ లెక్క రాదో తెలిస్తే వేసవి సెలవుల్లో నేర్చుకోవచ్చు.

మూడు. పునాది ఉంది, ఇష్టం లేదు అంటే ఆ మాటను కూడా వినండి. 500 మార్కులు దాటిన ప్రతి బిడ్డనీ ఇంజనీరింగ్‌కే తోయాల్సిన పని లేదు. బాగా చదివే పిల్లలు చరిత్ర, లా, భాషలు తీసుకుంటే మనకు నష్టం లేదు. మన భూముల కేసులు వాదించేవాళ్ళు, మన చరిత్ర రాసేవాళ్ళు మనకు కావాల.

నాలుగు. మొదటి ఏడు, అందులోనూ మొదటి మిడ్ పరీక్షలు. అదే చెరువు కట్ట. గండి చిన్నగా ఉన్నప్పుడే మట్టి వేయాల. మొదటి మిడ్‌లో మార్కులు తగ్గిన వారంలోనే సీనియర్‌కు ఫోను చేయండి. ఒక బ్రాంచిలో మనోళ్ళు ఒక్కరే ఉంటారని పైన చెప్పినాం కదా, ఆ ఒక్కరు సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. డిటెయిన్ అయినాక చెబుతారు. అప్పటికి నీళ్ళు పోయి ఉంటాయి.

ఐదు. దారి మార్చుకోవడం ఓటమి కాదు. ఇంటర్లో ఎంపీసీ కుదరనివాడు పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏట చేరొచ్చు. చేతితో పని చేస్తూ నేర్చుకునే పిల్లలకు ఆ దారే బాగుంటుంది. మధ్యలో ఆగిపోయినవాళ్ళకు దూరవిద్య ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన తెలుగు గడ్డమీదే పుట్టింది, చదువు ఆగిపోయినవాళ్ళ కోసమే. ఆగిపోయిన తమ్ముళ్ళను, చెల్లెళ్ళను గ్రూపులోంచి తీసేయకండి. మొదట ఫోను చేయాల్సింది వాళ్ళకే.

4.41 నుంచి 49.21 దాకా వచ్చిన జనం మనం. ఆ దూరం నడిపించింది అక్షరం రాని అమ్మలు, నాయనలు. ఏ గ్రూపు మంచిదో వాళ్ళకు తెలియదు, బిడ్డను బడికి పంపాలని మాత్రం తెలుసు. తర్వాతి మాట చెప్పాల్సింది కాలేజీ చూసిన మనమే.

చదివినవాళ్ళు కామెంట్లో మూడు ముక్కలు రాయండి: మీరు ఏ కోర్సులో చేరినారు, అది ఎవరు ఎంచినారు, మొదటి ఏడు ఏ సబ్జెక్టు కష్టమైంది. పేరు పెట్టడం ఇష్టం లేకపోతే అడ్మిన్లకు పంపండి, పేరు లేకుండా పెడతాం. ఈ వారం వచ్చిన జవాబులన్నీ సబ్జెక్టుల వారీగా కలిపి, వచ్చే ఆదివారం ఇంటర్లో చేరబోయే పిల్లల కోసం ఒక పోస్టు చేస్తాం. ఏ సబ్జెక్టుకు ఫోనులో చెప్పగలిగిన సీనియర్లు ఎవరున్నారో ఆ జాబితా కూడా అందులో ఉంటుంది. లెక్కలు చెప్పగలిగినవాళ్ళు ముందు చెయ్యి ఎత్తండి, వాళ్ళే తక్కువ ఉన్నారు.